గుమ్మం దగ్గర ఆగే పిశాచి

హూహానా అత్తకు సినిమాల్లో రక్తం నచ్చదు. రక్తపిశాచుల సినిమాలంటే ప్రాణం పెట్టే మనిషికి రక్తం నచ్చకపోవడమేమిటని అడగవచ్చు. ఆమె మాంసం ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు పనిచేసింది. గొర్రె గొంతు కోసే వరస నుంచి పేగుల గది దాకా అన్నిచోట్లా నిలబడింది. తెర మీద ఎవడి మెడ నుంచో ఎర్రగా కారగానే రిమోట్ నొక్కి బొమ్మ ఆపేస్తుంది.

“ఇది రక్తమా? బీట్‌రూట్ డబ్బాలో నీళ్లు. అసలు రక్తానికి కాసేపు గాలి తగిలితే నల్లబడుతుంది, గడ్డకడుతుంది. వీడి చొక్కా చూడండి, తెల్లారేదాకా ఎర్రగానే ఉంది.”

“ఆ చొక్కా ఉతికేది నువ్వు కాదుగా అత్తా. ముందుకు పోనీ,” అంటుంది వెనక బల్ల మీది నుంచి మోయిరా. ఊరి ఉమ్మడి వంటశాలకు పెత్తందారు మోయిరాయే. అత్తతో అరవయ్యేళ్ల స్నేహం, అయినా ఊరంతా పిలిచినట్టే తనూ అత్తా అనే పిలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యి, భోజనాలయ్యి, పళ్లాలు కడిగి బోర్లించాక, మా మరాయె భోజనాల హాల్లో పరదాలు దించి సినిమా వేసేవాళ్లం. వైమారోలో ఉన్నవి నలభై చిల్లర ఇళ్లు. ఆ ఇళ్లన్నిటికీ ఉమ్మడి ఇల్లు మరాయె. పుట్టినా పోయినా తగాదా వచ్చినా అందరం చేరేది అక్కడే. అందులో స్తంభాలన్నీ చెక్కిన పెద్దిల్లు ఒకటుంది, దాని గోడల నిండా పోయినవాళ్ల ఫోటోలు. తెర అక్కడ కడితే పెద్దగా కనిపిస్తుందని ఒకసారి ఎవరో సలహా ఇచ్చారు. అత్త ఒప్పుకోలేదు.

“మనవాళ్లు చక్కగా చచ్చిపోయి, హాయిగా పడుకున్నారు. సరిగ్గా చావడం కూడా చేతకాని వాళ్లని తెచ్చి వాళ్ల ముందు గంతులేయిస్తే ఏం మర్యాద?”

పట్నంలో వీడియోల దుకాణం మూసేసిన రోజున ఆమె పాత వ్యాను వేసుకుని వెళ్లి మూడు పెట్టెల డిస్కులు తెచ్చుకుంది. అందరూ ఎగబడే సినిమాలు అప్పటికే అమ్ముడైపోయాయి. మిగిలినవి ఎవరూ పేరు వినని దేశాల్లో ఎవరూ పేరు వినని వాళ్లు తీసినవి. వాటిలోనే ఆమెకు తన లోకం దొరికింది. భయపెట్టాలని మొదలుపెట్టి, మధ్యలో తమాషా తట్టి, చివరికి రెండూ కలిపి వడ్డించేసే పిశాచి సినిమాలు అవి.

ఒకటి నలుపు తెలుపు సినిమా. కోట జప్తయిపోయిన ముసలి పిశాచి దొర బతుకుతెరువు కోసం పట్నంలో నాట్యం బడి పెడతాడు. గదినిండా అద్దాలు. అద్దంలో గురువు కనబడడు. ఏ కాలు ముందు వేయాలో తెలియక శిష్యులు ఒకరినొకరు తొక్కుకుంటారు. దొర కోటు మోచేతుల దగ్గర చిరిగి ఉంటుంది, కానీ చిరిగిన చోట కూడా ఇస్త్రీ చెక్కుచెదరదు. ఇంకొక దాంట్లో పిశాచి అక్కచెల్లెళ్లు ఇద్దరు దర్జీ పని చేస్తారు. మోచేతుల దాకా చేతిమేజోళ్లు, పొగలా జారే పట్టు గౌన్లు. ఎరను మంచం మీదకు తెచ్చాక వాడి చొక్కా మెడపట్టీ కుట్టు బాగాలేదని చూసి మనసు ఒప్పక విప్పి మళ్లీ కుడతారు. కుట్టేసరికి తెల్లారిపోతుంది. ఆ సన్నివేశం దగ్గర అత్త ప్రతిసారీ కళ్లు తుడుచుకునేది. నవ్వొచ్చో, జాలితోనో మాకు తెలిసేది కాదు.

కోటుల లోపలి గుడ్డ రంగు చూడ్డానికి బొమ్మ ఆపి, తెర దగ్గరకు వెళ్లి, కళ్లజోడు పైకెత్తి చూసేది. ఒక ఏడాది చలికాలమంతా కూర్చుని తనకొక నల్ల గౌను కుట్టుకుంది. మెడ చుట్టూ నిలబడే పట్టీ, మణికట్టు దగ్గర ఏడేసి గుండీలు. మొదటిసారి ఒక చావు పనికి వేసుకొచ్చినప్పుడు మోయిరా చూసి, “శవపేటిక పక్కన కూర్చుంటావా, లోపల పడుకుంటావా?” అంది. అత్త మణికట్టు గుండీ సర్దుకుంది.

ఆమెకు ఈ సినిమాల మీద ఇంత మోజెందుకని ఊళ్లో కొందరు నవ్వుకునేవాళ్లు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. చాలాకాలం నేనూ నవ్వాను. ఒక ఆదివారం మోయిరా సూటిగానే అడిగింది.

“ఇంత వయసొచ్చి వాళ్లలో నీకేం కనబడుతుందే?”

“వాడు గుమ్మం దగ్గర ఆగుతాడు,” అంది అత్త.

ఆ మాట అర్థం కావాలంటే అత్త చిన్నతనం తెలియాలి. అప్పుడు వైమారోలో ఎవరి ఇంటికీ తాళం లేదు. అందువల్ల సంక్షేమ శాఖ ఆఫీసరు తలుపు తట్టే శ్రమ కూడా పడేవాడు కాదు. సరాసరి వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి, పిల్లలకు ఏం వండుతున్నారో చూసి పుస్తకంలో రాసుకునేవాడు. మూత మళ్లీ పెట్టేవాడు కాదట. ఆరేళ్ల హూహానాకు అన్నిటికంటే అదే కోపం. తర్వాత భూమి కొలిచేవాళ్లు వచ్చారు, రోడ్డువాళ్లు వచ్చారు, ఫ్యాక్టరీ ఇళ్లు తనిఖీ చేసేవాళ్లు వచ్చారు. అందరూ మంచి బట్టలు వేసుకున్నవాళ్లే, అందరూ మా మేలు కోరి వచ్చినవాళ్లే. ఒక్కడూ గుమ్మం దగ్గర ఆగలేదు.

ఆ సినిమాల్లో పిశాచికి మాత్రం ఒక కట్టుబాటు ఉంది. ఇంటివాళ్లు నోటితో రమ్మంటేనే లోపలికి అడుగు పెట్టగలడు. ఆకలితో నకనకలాడుతున్నా, బయట వాన కొడుతున్నా, టోపీ చేతిలో పట్టుకుని నిలబడాల్సిందే. “మా ఇంట్లోకి వచ్చినవాళ్లందరిలోకీ రక్తం తాగేవాడికే మర్యాద ఎక్కువ,” అనేది అత్త.

ఇంకో కారణం కూడా ఉంది. మా మరాయెలో పిలుపు ఇచ్చేది ఆమే. వచ్చినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా గేటు బయట నిలబడాలి. లోపల నుంచి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలవాలి. అప్పుడే అడుగు లోపలికి పడుతుంది. అత్త తల్లి పిలిచేది, అంతకుముందు అమ్మమ్మ పిలిచేది. మిగతా గొంతులు ఒకటొకటిగా మట్టిలో కలిసిపోయి, నేను చెప్పబోయే ఏడాదికి వైమారోలో పిలవగలిగిన గొంతు ఆమెదొక్కటే మిగిలింది. పిలుపు అందక ఈ గేటు నుంచి వెనక్కి తిరిగిన అతిథి ఇంతవరకు లేడు. అది మా గర్వం. ఆ గర్వమే మా మెడకు చుట్టుకుంది.

నీళ్ల కంపెనీ వచ్చింది. గుట్ట కింద ఊట ఉంది మాకు. మా ఇళ్లకూ మరాయెకూ నీళ్లు అక్కడివే. మేం పంది ఎముకలతో ఉడికించుకునే కాలువ ఆకుకూర, చావు భోజనాల్లో పెట్టే పాముచేపలు, అన్నీ దాని చలవే. ఆ నీళ్లు ముప్పై అయిదేళ్లపాటు తోడి సీసాల్లో నింపి ఓడలెక్కిస్తామని కంపెనీ ప్రాంతీయ మండలికి దరఖాస్తు పెట్టుకుంది. ఊళ్లో ఎనిమిది ఉద్యోగాలిస్తామంది. మండలివాళ్లు ఒక షరతు పెట్టారు. ఊరివాళ్ల మరాయెకు వెళ్లి, వాళ్ల స్వాగతం అందుకుని, పెద్దింట్లో కూర్చుని మాట్లాడినట్టు రుజువు కావాలి. ఒప్పుకున్నారా లేదా అన్నది వాళ్లకు అక్కర్లేదు. మాట్లాడినట్టుంటే చాలు. ప్రజాస్వామ్యం మా గుట్టల దాకా వచ్చేసరికి అంత పలచబడుతుంది, సినిమా రక్తంలా.

మరాయె కమిటీ అధ్యక్షుడు రావిరి, అత్త తమ్ముడి కొడుకు. మంచివాడు. ఫ్యాక్టరీ ఒక షిఫ్టు ఎత్తేశాక పని పోయి, నలుగురు పిల్లలతో ఎనిమిది ఉద్యోగాల్లో ఒకటి తనకొస్తుందని ఆశ పెట్టుకున్నవాడు. ఆ ఆశను తప్పుపట్టేవాళ్లు ముందు షిఫ్టు ఎత్తేసినవాళ్లను అడగాలి.

“పది నిమిషాలే అత్తా. పిలువు. వస్తారు, చెప్పేది చెప్తారు, తింటారు, పోతారు.”

“పిలిచాక నేను కాదన్నా ఔనన్నా ఒకటేగా రావిరీ?”

“వినడానికేగా. విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టా?”

“కాగితంలో అలాగే ఉంటుంది.”

“మరి గేటు బయట నిలబెట్టి పంపించేస్తావా? గోడ మీది మీ అమ్మమ్మ ఫోటో ముందు తలెత్తుకోగలవా?”

పిలిస్తే ఊట పోతుంది, పిలవకపోతే మూడు తరాల పేరు పోతుంది. రెండూ ఆమె గొంతులోనే ఉన్నాయి. ఆ ఆదివారం నాట్యం బడి సినిమా వేశారు. ఆమె ఒక్కసారి కూడా బొమ్మ ఆపలేదు. తలుపు దగ్గర నిలబడి దొర లోపలివాళ్లతో కబుర్లాడే చోటు మాత్రం మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది.

కంపెనీ రావడానికి ముందురోజు వాళ్ల మేనేజరు గ్రేమ్ రావిరి ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. ఫలానా తేదీన కంపెనీ ప్రతినిధులను హూహానా గారు పిలుపునిచ్చి స్వాగతించారు, పెద్దింట్లో చర్చ జరిగింది, అధ్యక్షుడి సంతకం. రేపటి తేదీ ఇవాళే వేసి ఉంది. మండలికి పంపడానికి గడువు దగ్గరపడింది, పని తొందరగా తెమిలిపోతుంది, అన్నాడు. రావిరి సంతకం పెట్టేశాడు. లంచం తీసుకోలేదు, మోసం చేద్దామనీ అనుకోలేదు. వచ్చిన అతిథిని మా గేటు దగ్గర ఆపడమన్నది అతను పుట్టి ఎరగడు. రేపు సూర్యుడు వస్తాడని రాసి సంతకం పెట్టమన్నా అంతే ధీమాగా పెట్టేవాడు. అలాంటి తప్పు మావాళ్లే చేయగలరు.

మర్నాడు పదకొండు గంటలకు రెండు తెల్ల కార్లు వచ్చాయి. ఏడుగురు దిగారు. గేటు దగ్గర బారుగా నిలబడ్డారు. సన్నగా జల్లు పడుతోంది. లోపల మేమంతా పెద్దింటి ముందు నిలబడ్డాం. అత్త నల్ల గౌనులో వరండా మీద ఉంది. పిలుపు కోసం అందరం ఎదురుచూశాం. గ్రేమ్ బూట్లు చూసుకున్నాడు. జల్లు కాస్త పెరిగింది.

అత్త వరండా దిగింది. గడ్డి మీదుగా నడుచుకుంటూ తిన్నగా గేటు దాకా వెళ్లింది. గేటు తీసుకుని తనే బయటికి వెళ్లి, వెనక వేసేసింది.

“చాలా దూరం నుంచి వచ్చారు బాబూ. తడుస్తున్నారు. మోయిరా, బల్లలు ఇటు పట్టించు. ఆ టార్పాలిన్ కూడా.”

మోయిరాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆమె నవ్వాపుకోవడానికి పడిన పాట్లు చూడాలి. మా కుర్రాళ్లు గేటు మీదుగా బల్లలు అందించారు. రోడ్డు వారన, కార్లకూ కాలువకూ మధ్య, టార్పాలిన్ కింద తెల్ల గుడ్డలు పరిచి వడ్డించాం. నూనెలో పొంగిన రొట్టెలు, ఆల్చిప్పల వేపుడు, చిలగడదుంపలు, ఊట ఆకుకూరతో పంది ఎముకలు, చివరికి గుడ్ల తెల్లసొనతో మోయిరా చేసిన మెత్తటి కేకు. పెద్దింట్లో కూర్చోబెట్టి ఉంటే అంత పెట్టేవాళ్లం కాదు. అత్త స్వయంగా టీ పోసింది.

గ్రేమ్ రెండో కప్పు దగ్గర అడిగాడు. “మనం లోపలికి ఎప్పుడు వెళ్తాం మేడమ్?”

“తినండి బాబూ, చల్లారిపోతుంది.”

“మా వివరాలు చెప్పడానికి తెర తెచ్చాం.”

“తెరలు మాకూ ఉన్నాయి. ఇంకో రొట్టె వేసుకోండి.”

పాలు మోసే టాంకరు ఒకటి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరి పెళ్లని అడిగి, ఒక ప్లేటు పుచ్చుకుని పోయాడు. రెండు గంటలకు ఏడుగురూ బరువుగా కార్లెక్కారు. పోయేముందు గేటు వెనక కనబడేలా ఫోటో తీసుకున్నారు. అతిథి ఆకలితో వెనక్కి పోలేదు. గడప మాత్రం ఎవరూ దాటలేదు.

రావిరి మొహంలో నెత్తురుచుక్క లేదు. సాయంత్రమయ్యేలోపే అత్త ఇంటికి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను, కుట్టు మిషను సూది ఇరుక్కుంటే చూస్తున్నాం.

“అత్తా, ఒక సంగతి. నేను నిన్ననే సంతకం పెట్టాను.”

“దేని మీద?”

అతను చెప్పాడు. అత్త మిషను పక్కకు తోసింది.

“వెనక్కి అడిగావా?”

“ఫోన్ చేశాను. కలిశాం కదా, టీ తాగాం కదా, మాటల్లో తేడానే కదా అంటున్నాడు. పంపించేశాడట.” గొంతు తగ్గించాడు. “మండలి విచారణకు నువ్వు రాకపోతే ఎవరూ అడగరు. వస్తే నా సంతకం అబద్ధమవుతుంది. అధ్యక్షుడు అబద్ధాలకోరని పిల్లల ముందు అంటారు.”

“ఊట సంగతి?”

“ఊట గురించి వేరేగా మాట్లాడొచ్చు.”

“ఎవరితో?”

అత్త సూది తీసి వెలుతురుకు పట్టి చూసి, వంగిపోయిందని పక్కన పెట్టింది. వస్తాననీ రాననీ అనలేదు. రావిరి టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆమె ఇంట్లో టీ తాగకుండా వెళ్లడం అతనికి అదే మొదటిసారి.

విచారణ పట్నంలో, మండలి ఆఫీసులో, ఒక బుధవారం. వ్యాను నిండా వెళ్లాం. విచారణ అధికారి కళ్లజోడు ముక్కు చివర పెట్టుకున్న ఆడమనిషి, తీరం అవతలి మరాయెలో పెరిగిందని తర్వాత తెలిసింది. గ్రేమ్ ఫోటో చూపించాడు, కాగితం చదివాడు. ఆమె విని, కాగితం మళ్లీ ఒకసారి చూసి, తల ఎత్తింది.

“పిలుపు ఇచ్చిన హూహానా గారు ఉన్నారా ఇక్కడ?”

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. రావిరి నేలకేసి చూస్తున్నాడు. నల్ల గౌను లేచి నిలబడింది.

“నేనేనమ్మా. నేను పిలవలేదు.”

“మరి వీరు లోపలికి ఎలా వచ్చారు?”

“రాలేదు. రోడ్డు మీద భోజనం పెట్టాం. నా చేత్తోనే టీ పోశాను. వాళ్లకు చక్కెర రెండు చెంచాలు.”

ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. “ఇందులో అధ్యక్షుడి సంతకం ఉంది.”

“ఉంది. అది నన్ను నమ్మి పెట్టిన సంతకం. మా గేటు దగ్గర ఎవరినీ ఆపిన రోజు లేదు, రేపూ ఆపరని వాడు అనుకున్నాడు. వాడి తప్పు అంతే. జరగని దాని మీద ముందే తేదీ వేసి తెచ్చినవాళ్లు వీళ్లు. ఆ రోజు ఆపింది నేను. తప్పు రాసుకోవాలంటే నా పేరు రాసుకోండి, అక్షరాలు నేనే చెప్తాను.”

గ్రేమ్ లేచి, ఇది చిన్న లాంఛనపు పొరపాటని అన్నాడు. అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మీరు ఎప్పుడూ ఎవరి గేటు బయటా నిలబడలేదనుకుంటాను,” అని, దరఖాస్తు వెనక్కి ఇచ్చేసింది. ఊరివాళ్లతో నిజంగా మాట్లాడాక మళ్లీ రమ్మంది. కొట్టెయ్యలేదు. చట్టం మాకు ఇచ్చే గెలుపు ఇంతవరకే ఉంటుంది, మళ్లీ రమ్మనడం దాకా.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక రావిరి అన్నాడు.

“వాళ్లు మళ్లీ వస్తారు అత్తా.”

“రానీ.”

“ఆ ఉద్యోగం నాకు ఇంక రాదు.”

“రాదు,” అంది అత్త. ఆ మాటను మెత్తగా చుట్టి ఇవ్వాలని ఆమె చూడలేదు. “దాని బాధ నీకొక్కడికే ఉండకూడదు. ఊరంతా ఆలోచించాలి.”

నెల తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి గౌరవనీయులైన అని మొదలైంది. మీకు ఏ రోజు వీలవుతుందో తెలియజేయగలరు అని ముగిసింది. వైమారోకు ఎవరైనా అలా రాయడం మేం ఎరగం. అత్త దాన్ని భోజనాల హాల్లో పైకి చదివించింది. జవాబు ఆమె చెబుతుంటే రావిరి రాశాడు. రండి, మాట్లాడదాం. రాసిన కాగితాలు తేవద్దు, తెల్లకాగితాలు తెండి. ఊట నుంచి ఎన్ని నీళ్లు వస్తాయో మా లెక్క మేం వేసుకున్నాక తేదీ చెప్తాం. పిలవాలా వద్దా అన్నది అప్పుడు అందరం కూర్చుని తేల్చుకుంటాం.

“సంతకం ఎవరు పెట్టాలి?” అని రావిరి అడిగాడు.

“అందరూ,” అంది అత్త.

ప్రతి ఇంటికీ వెళ్లి, ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించి, ప్రశ్నలు విని, తగాదాలు విని, అప్పుడే సంతకం తీసుకోవాలని ఆమె పట్టు. ఆ తిరుగుడంతా రావిరి చేతే చేయించింది. మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలూ సినిమా లేదని ఎక్కువ సణిగినవాళ్లే ముందు సంతకం పెట్టారు. ఇద్దరు మాత్రం ఉద్యోగాలు పోతాయని పెట్టలేదు. వాళ్ల పేర్లు కూడా, పెట్టలేదని రాసి, ఉత్తరంలోనే పంపించాం.